జీఎం గారి బండికి చింతపండు పెట్టిన ఆదివారం

మా గల్లీలో ఆదివారం పొద్దున తొమ్మిది దాటిందంటే నాకు బీపీ పెరుగుతుంది. కొత్తగా కార్లు కొన్న పిల్లలు ఇళ్ల ముందు బండ్లు కడగడం మొదలుపెడతారు. నెత్తిమీద ఎండ, చేతిలో బోళ్లు తోమే సబ్బు, భుజం మీద చిరిగిన బనియను. ముందు పొడిగుడ్డతో దుమ్ము తుడుస్తారు, అంటే ఉన్న ఇసుకనంతా రంగు మీద వేసి అరగదీస్తారు. తర్వాత నీళ్లు కొడతారు. చక్రాలు తుడిచిన గుడ్డనే అదే బకెట్లో ముంచి బానెటు తుడుస్తారు. ఆఖరికి బండిని ఎండలో వదిలేసి టిఫిన్ తినడానికి లోపలికి పోతారు. నేను గేటు దగ్గర నిలబడి చూస్తుంటాను. చెప్పకుండా ఉండలేను, చెబితే వినరు. "అంకుల్, మీ కాలం వేరే, గిప్పటి పెయింట్లు వేరే" అంటారు.

నిజమే, నా కాలం వేరే. నా కాలంలో నేనూ వినలేదు. అందుకే ఇది రాస్తున్నాను. చదివి కూడా ఎండలోనే కడుగుతామంటే మీ ఇష్టం, మీ బండి.

నేను ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిల కంపెనీలో, అంటే బొగ్గు గనుల్లో, డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. మాది చొప్పదండి దగ్గర పల్లె. ఉద్యోగమంతా బెల్లంపల్లి, శ్రీరాంపూర్‌లలో గడిచింది, ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. అంబులెన్సు నడిపాను, కార్మికుల బస్సు నడిపాను, ఆ తర్వాత శ్రీరాంపూర్‌లో జీఎం గారి కారు నడిపాను. జీఎం అంటే ఆ ఏరియాలో ఉన్న బాయిలన్నిటికీ పెద్ద. ఆయన కారు నడిపేవాడు తనను తాను సగం జీఎం అనుకుంటాడు. నేను ముప్పావు అనుకునేవాణ్ని. ఇందులో ఎవరి పేర్లూ రాయను. అందరూ బతికే ఉన్నారు, కొందరు మా గల్లీకి వస్తూపోతూ ఉంటారు కూడా.

నేను బండిని అద్దంలా పెడతానని కంపెనీ బండ్లు పెట్టే షెడ్డంతా పేరు. బాగా పెట్టుకున్న బండికి ఏటా జనవరిలో ఒక సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్లు, నాకు నాలుగుసార్లు వచ్చింది. ఆ నాలుగూ ఇప్పుడు మా ఇంట్లో బియ్యం డబ్బా మీద మూతకు బదులు ఉన్నాయి. అప్పట్లో మాత్రం గోడకే ఉండేవి. కొత్తగా చేరిన డ్రైవర్లకు నేను పాఠం చెప్పేవాణ్ని. బొగ్గు పొడిని పొడిగుడ్డతో ఎట్లా దులపాలి, గుడ్డకు రెండు చుక్కల డీజిల్ అద్ది ఎట్లా మెరుగు తేవాలి, ఎండలో పెడితే ఎంత తొందరగా ఆరుతుంది. వాళ్లంతా తలలూపేవాళ్లు. వాళ్ల బండ్ల రంగులు రెండేళ్లకే ఎందుకు చచ్చుబడుతున్నాయో నాతో సహా ఎవ్వరికీ అనుమానం రాలేదు. బొగ్గు గాలి కదా అనుకున్నాం. గాలి వచ్చి నేను కాదని చెప్పదు కదా.

అట్లాంటి రోజుల్లో షెడ్డులో బండ్లు కడగడానికి ఒక ఆడమనిషి వచ్చింది. బెల్లంపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. భర్త బాయిలో పనిచేస్తూ జబ్బుపడి పోతే ఆ ఉద్యోగం ఈమెకు ఇచ్చారు. ఇద్దరు ఆడపిల్లలు, ఇంట్లో అత్త. ఇంకా పర్మినెంటు కాలేదు. ఏడాదిలో సరిపడా మస్టర్లు పడాలి, అంటే అన్ని రోజుల హాజరు ఉండాలి, కాయితం మీద ఒక్క మచ్చ ఉండకూడదు. అప్పుడే ఉద్యోగం ఖాయం. చర్చికి పోయే మనిషి కనుక ఫోర్మన్ ఆమెకు ఆదివారం రెస్టు వేశాడు. మా షెడ్డుకు ఫోర్మనే పెద్ద. వరంగల్ వైపువాడు, నోరు పెద్దది, మనసు మామూలుది.

మొదటిరోజే ఆమె నన్నొక ప్రశ్న అడిగింది.

"అన్నా, రెండో బకెట్ ఏది?"

"రెండోదెందుకు చెల్లె?"

"సబ్బు నీళ్లు ఒకదాంట్ల, జాడిచ్చే నీళ్లు ఒకదాంట్ల. బట్టలు ఉతికిన మురికిల్లనే జాడిస్తమా ఎక్కడన్న?"

షెడ్డులో ఉన్న నలుగురు డ్రైవర్లూ నవ్వారు. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. "ఇది చీర కాదు చెల్లె, ఇనుము" అన్నాను. ఆమె నవ్వలేదు, వాదించలేదు. మర్నాడు ఎక్కడినుంచో ఒక పాత పెయింటు డబ్బా తెచ్చుకుని దాన్నే రెండో బకెట్ చేసుకుంది.

ఇంకో సంగతి కూడా ఆమే మొదట పట్టింది. షెడ్డు నల్లాకు వచ్చేవి బాయి నీళ్లు. బాయిలోపల ఊరే నీటిని పైకి తోడి ట్యాంకులకు ఎక్కిస్తారు. చూడటానికి తేటగానే ఉంటాయి, ఆరితే మాత్రం తెల్లటి మరక వదిలిపోతాయి. మా క్వార్టర్లలో ప్రతి బకెట్‌కూ ఒక తెల్ల అంచు ఉండేది. తెల్ల బండ్ల మీద ఆ మరక కనబడదు. ఆ ఏడు జీఎం గారికి కొత్త బండి వచ్చింది, అది నల్లది. నిగనిగలాడుతూ వచ్చింది. నేను దాన్ని రోజూ బాయి నీళ్లతో కడిగించి ఎండలో పెట్టేవాణ్ని. రెండు నెలలు తిరిగేసరికి టాపు మీద, బానెటు మీద సున్నం చల్లినట్టు చుక్కలే చుక్కలు.

"అన్నా, ఆఖరుకు రెండు బకెట్ల మంచినీళ్లు పోద్దాం. నీడకు పెట్టి, ఆరకముందే మెత్తటి గుడ్డతోటి తుడుద్దాం. మరకలు రావు" అన్నది ఆమె.

"తాగే నీళ్లు బండికి పోస్తవా? దొర ఊకుంటడా?" అన్నాను. "నువ్వు బడికి పోకముందు నుంచి బండ్లు కడుగుతున్న నేను. నీకు కారు నడపస్తదా?"

"రాదన్నా."

"మరి?"

ఆ "మరి" అనడంలో నాకు దొరికిన తృప్తి ఇప్పటికీ గుర్తుంది. సిగ్గు కూడా అంతే గుర్తుంది.

ఒక శుక్రవారం జీఎం గారు బండెక్కబోతూ ఆగారు. ఆయన గోదావరి వైపు మనిషి, కోపమొస్తే తిట్టరు, నవ్వుతారు. అదే భయం మాకు. "ఏమయ్యా, మన బండికి అమ్మవారు పోసిందా?" అన్నారు. సోమవారం హెడ్డాఫీసు నుంచి డైరెక్టరు వస్తున్నాడని, ఆయన్ని ఈ బండిలోనే తిప్పాలని కూడా అన్నారు. నాలుగు సర్టిఫికెట్లున్న మనిషిని నేను. శుక్రవారం మాపటికి నాకు అన్నం సహించలేదు.

శనివారం మధ్యాహ్నం ఇంటికి పోతే మా ఇంటామె పెరట్లో రాగి బిందె తోముతోంది. బిందె మీద అవే తెల్ల చారలు, అవే బాయి నీళ్లు. నానబెట్టిన చింతపండు రుద్దింది, ఊక బూడిద అద్దింది, కొబ్బరి పీచుతో నాలుగు తిప్పులు తిప్పింది. చారలు మాయం. కడిగి బోర్లించిన బిందెలో నా ముఖం కనబడింది. ఆ ముఖంలో ఒక ఆలోచన కూడా కనబడింది.

ఇక్కడ మీలో కొందరికి నవ్వొస్తుంది, రానీయండి. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, తెలివితక్కువ పని చేసేటప్పుడు అది తెలివైన పనిలాగే ఉంటుంది. లేకపోతే ఎవడు చేస్తాడు?

ఆదివారం షెడ్డుకు పోయాను. ఆరోజు నాకూ రెస్టే, రిజిస్టరులో సంతకం పెట్టలేదు. వాచ్‌మన్ గేటు తీసి మళ్లీ తన పేపరులో పడ్డాడు. సంచిలోంచి చింతపండు, బూడిద, పీచు తీశాను. బానెటు నుంచి మొదలుపెట్టి టాపు దాకా రుద్దాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మచ్చలు పోయాయి. నీళ్లు కొడితే బండి తడితో తళతళలాడింది. నాకు నేనే శభాష్ అనుకుని చాయ తాగడానికి పోయాను.

వచ్చేసరికి బండి ఆరింది. పలక మీద సుద్దతో రాసి అరచేత్తో తుడిచేస్తే ఎట్లా ఉంటుంది? అట్లా ఉంది. నలుపు పోయి బూడిదరంగు, దానిమీద పీచు తిప్పిన గుండ్రటి గీతలు, ఒక్కొక్కటి నా చేయి ఎటు తిరిగిందో అటే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. కాసేపు బండి చుట్టూ తిరిగాను. తర్వాత ఎదురుగా ఉన్న కిరాణంలో కొబ్బరినూనె సీసా కొనుక్కొచ్చి మొత్తం పట్టించాను. మళ్లీ నలుపు, మళ్లీ మెరుపు. సోమవారం ఒక్కపూట గడిస్తే చాలు, మంగళవారం సంగతి మంగళవారం చూసుకుందామని ఇంటికి పోయాను.

బొగ్గు ఊళ్లో నూనె పూసిన బండి ఎట్లా ఉంటుందో నాకు తోచలేదు. సోమవారం పొద్దుటికి ఆ నూనె మీద బొగ్గు పొడి మందంగా పట్టింది. పొద్దుటి షిఫ్టుకు వచ్చిన ఆ చెల్లె బండిని చూసి, డైరెక్టరు వచ్చే రోజు కదా అని, ఎవరూ చెప్పకుండానే షాంపూతో రెండుసార్లు కడిగింది. బొగ్గు పోయింది, నూనె పోయింది, నా ఆదివారం బయటపడింది.

నేను పోయేసరికి బండి చుట్టూ పదిమంది ఉన్నారు. ఆమె చేతిలో ఇంకా తడిగుడ్డ ఉంది.

"ఏం పెట్టి తోమినవమ్మా? జీఎం బండనుకున్నవా, ఇంట్ల మూకుడనుకున్నవా?" అని ఫోర్మన్ అరుస్తున్నాడు.

"షాంపూతోనే కడిగిన సార్. పైన ఏదో నూనె ఉండె. అది పోయినంక గిట్ల కనవడ్డది."

"నూనెనా? కారుకు నూనె ఎవడు రాస్తడు? తలంటు పోసిండ్రా?" అని నావైపు తిరిగాడు. "నీకేమన్న ఎరుకనా అన్నా?"

"నాకేం ఎరుక" అన్నాను.

రెండే మాటలు. అనడానికి ముందు ఆలోచించలేదు, అన్న తర్వాత మాత్రం చాలా ఆలోచించాను. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. అంతటితో ఆగినా బాగుండేది. పదిమంది చూస్తున్నారని బానెటు మీద చేయిపెట్టి "అయ్యయ్యో" అని కూడా అన్నాను. ఆమె నావైపు ఒకసారి చూసి తల దించుకుంది.

డైరెక్టరును తెల్ల జీపులో తిప్పారు. ఆయన బాయిలను చూశాడు, భోజనం చేశాడు, పోయాడు. ఏ రంగు బండిలో తిరిగాడో ఆయనకు గుర్తు కూడా ఉండదు. కానీ మంగళవారం ఆమెకు మెమో ఇచ్చారు. అనుమతి లేని పదార్థం వాడి కంపెనీ వాహనాన్ని పాడుచేసినందుకు ఎంక్వైరీ, అది తేలేదాకా పనిలోకి రావద్దు. పనిలోకి రాకపోతే మస్టర్ పడదు. మస్టర్లు పడకపోతే పర్మినెంటు కాదు. ఎంక్వైరీలో తప్పు తేలితే అసలు ఉద్యోగమే ఉండదు. ఇది నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, ఆ నిబంధనలన్నీ కొత్తవాళ్లకు చెప్పేది నేనే.

రేపు చెబుదామనుకున్నాను. రేపు ఫోర్మన్ సెలవు. ఎల్లుండి జీఎం గారు చిరాగ్గా ఉన్నారు. ఆ తర్వాత, ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని అడుగుతారు కదా అని చెప్పలేదు. చెప్పని రోజు ఒక్కొక్కటీ మర్నాడు చెప్పకుండా ఉండటానికి కొత్త కారణం అయింది. నేను రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. జీఎం డ్రైవరుగానే దండలు వేయించుకుని దిగాలని ఆశ. ఆ ఆశ వల్ల ఒకామె రెండో బకెట్‌తో సహా కొట్టుకుపోతోందని తెలిసి కూడా అన్నం తింటున్నాను.

అన్నమంటే అన్నం మాత్రమే. మా ఇంట్లో చారు బంద్ అయింది.

"ఏమే, చారు లేదా?" అన్నాను ఒకరోజు.

"చింతపండు లేదు" అన్నది ఇంటామె. "నిండుగున్న డబ్బ ఖాళీ అయింది. నువ్వు మొన్న ఆదివారం సంచిల ఏమేసుకపోయినవో నాకెరుక లేదనుకున్నవా? బూడిద తట్ట సుత మాయమయె. నీ చారు జీఎం కారుకు పోసినవ్."

నేను పప్పులో మజ్జిగ కలుపుకున్నాను.

"ఆ బెల్లంపల్లి పిల్లను ఇంటికాడ కూసోపెట్టిండ్రట గదా. చెప్పినవా మరి?"

"చెప్త."

"ఎప్పుడు?"

"చెప్త అంటున్న గదనే!"

"నువ్వు చెప్పినంకనే చింతపండు కొంట" అన్నది. అన్నంత పనీ చేసింది. మొత్తం మూడువారాలకు పైగా నేను పులుపు ముఖం చూడలేదు.

ఎంక్వైరీ రోజు వచ్చింది. పర్సనల్ ఆఫీసరు గదిలో జరిగింది. ఉద్యోగుల మంచిచెడ్డలు, శిక్షలు చూసే ఆఫీసరు ఆయన. హైదరాబాద్‌వాడు, మెత్తటి మనిషి. ఒకపక్క ఫోర్మన్, ఇంకోపక్క టైపిస్టు. ఎదురుగా కుర్చీ అంచున ఆమె. బండిని సాక్ష్యం కింద ఆఫీసు ముందు నిలబెట్టారు. నన్నెవరూ పిలవలేదు. తలుపు తోసుకుని పోయి, కూర్చోకముందే చెప్పేశాను.

"సార్, ఆమె తప్పేం లేదు. బండి నేనే ఖరాబు చేసిన. ఆదివారం వచ్చి చింతపండు, బూడిద పెట్టి తోమిన."

నా గుండె మీద నుంచి బండ దిగింది. ఇక తిడతారు, మెమో ఇస్తారు, ఏదైతే అదవుతుంది అనుకున్నాను. పర్సనల్ ఆఫీసరు కళ్లజోడు తీసి నన్ను చాలాసేపు చూశాడు. ఆయన కళ్లలో తడి.

"మీ మంచి మనసు నాకు తెలుసండీ" అన్నాడు. "ఇద్దరు పిల్లల తల్లి అని జాలిపడి మీ మీద వేసుకుంటున్నారు. కానీ ఇది చట్టప్రకారం జరగాలి."

"జాలి గాదు సార్, నిజం చెప్తున్న."

"నాలుగుసార్లు సర్టిఫికెట్టు తీసుకున్న మనిషి జీఎం గారి కారుకు చింతపండు పెడతాడా? ఎవరైనా నమ్ముతారా?" అంటూ రిజిస్టరు తిప్పాడు. "ఆ ఆదివారం మీరు డ్యూటీలోనే లేరు. మీ సంతకమే లేదు."

"డ్యూటీ లేకున్నా వచ్చిన సార్. వాచ్‌మన్ను అడుగుండ్రి."

వాచ్‌మన్ను పిలిచారు. ఆదివారం గేటు తీసినట్టు ఒప్పుకుంటే రిజిస్టరులో ఎందుకు రాయలేదని అడుగుతారు కదా. "నేనెవ్వల్ని చూడలే సార్" అన్నాడు. పోతూ పోతూ నాకు నమస్కారం పెట్టాడు.

"మీ ఇంట్ల అడుగుండ్రి సార్, నా భార్యకు ఎరుకే" అన్నాను.

"భార్య సాక్ష్యం చెల్లదండీ."

ఫోర్మన్ లేచి నా చేతులు పట్టుకున్నాడు. "అన్నా, నువ్వు దేవునివే. గని మంది తప్పులు నెత్తిన ఏసుకుంట పోతే ఎట్లనే?" అన్నాడు. మూడువారాల కింద ఇదే మనిషి అడిగితే అబద్ధం చెప్పాను, టక్కున నమ్మాడు. ఇప్పుడు నిజం చెబుతుంటే ఒక్కడూ నమ్మడం లేదు. నా మంచిపేరు నాకే అడ్డం తిరిగింది. ఆమె ఎవరివైపూ చూడలేదు. చేతిరుమాలును మడతపెడుతోంది, విప్పుతోంది. "ఇక రాయండి" అని ఆఫీసరు టైపిస్టుతో అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కోపం ఆఫీసరు మీదో, నా మీదో ఇప్పటికీ చెప్పలేను. "ఒక్క గంట ఆగుండ్రి సార్. ఇంటికి పోయొస్త. అప్పటిదాంక ఒక్క అక్షరం కొట్టినా బాగుండదు" అన్నాను. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఒక ఆఫీసరుతో అట్లా మాట్లాడటం అదొక్కసారే.

ఆ ఏడే నేను సొంత కారు కొనుక్కున్నాను. చిన్న బండి, ముదురు నీలం. ప్లాస్టిక్ కవర్లు ఇంకా సీట్ల మీదే ఉన్నాయి. ఇంటికి పోయి చింతపండు అడిగితే ఇంటామె లోపల్నుంచి ఒక కొత్త పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది. "దాచిపెట్టిన" అన్నది. తట్టలో బూడిద తెచ్చింది, పీచు తెచ్చింది. ఎందుకని అడగలేదు. బండి తాళం తీస్తుంటే మాత్రం ఆమె ముఖం కొంచెం వాడింది. అయినా వద్దనలేదు.

ఆఫీసు ముందు, జీఎం గారి నల్ల కారు పక్కనే నా బండి పెట్టాను. పర్సనల్ ఆఫీసరు, ఫోర్మన్, టైపిస్టు, పక్క గదుల గుమాస్తాలు అందరూ వరండాలోకి వచ్చారు. ఆమె అందరి వెనక నిలబడింది. నా బానెటు మీద నీళ్లు పోసి చింతపండు పెట్టాను.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాడు ఆఫీసరు.

"ఆదివారం ఏం చేసిన్నో అదే చేస్తున్న సార్."

బూడిద అద్ది, పీచు పట్టుకుని రుద్దాను. గరగర శబ్దం వరండా దాకా వినబడింది. "అయ్యా, ఆపండి, కొత్త బండి!" అని ఆఫీసరు మెట్లు దిగి వచ్చాడు. ఆపలేదు. సగం బానెటు అయ్యాక నీళ్లు కొట్టాను. తడిమీద ధగధగ మెరిసింది. "బాగనే ఉన్నది గదనే" అన్నాడు ఫోర్మన్. "ఆరనియ్" అన్నాను. ఎండలో అందరం నిలబడ్డాం. కొత్త బండి రంగు చావడం చూడటానికి అంతమంది ఎండలో కదలకుండా నిలబడటం నేను ఎక్కడా చూడలేదు. పావుగంటలో ఆరింది. అదే బూడిదరంగు, అవే గుండ్రటి గీతలు, అటు నల్ల బండి మీద, ఇటు నీలం బండి మీద. చేతిరాత ఒక్కటే అని చూసినవాళ్లందరికీ తెలిసిపోయింది.

పర్సనల్ ఆఫీసరు ఒంగి రెండు బానెట్లనూ వేలితో తడిమాడు. "ఇది మీకెవరు నేర్పారండీ?" అన్నాడు చివరికి.

"రాగి బిందె సార్."

"బిందె అని కూడా టైపు చేయాల్నా సార్?" అని టైపిస్టు అడిగాడు. చేయమన్నాడు.

ఆమె మీద మెమో తీసేశారు. ఇంటి దగ్గర ఉన్న రోజులన్నీ డ్యూటీ కిందే లెక్కవేసి మస్టర్లు ఇచ్చారు. నేను జరిగినదంతా రాసిచ్చాను. జీఎం గారు ఆ కాయితం చదివి ఎప్పట్లాగే నవ్వారట. మర్నాడు నన్ను మంచినీళ్ల ట్యాంకరుకు మార్చారు. రిటైరయ్యేదాకా దాని మీదే ఉన్నాను. అది తెల్లది.

పని సంగతి కూడా చెప్పేస్తాను, మళ్లీ మరిచిపోతాను. బండి వేడి మీదుంటే కడగొద్దు, నీడకు పెట్టి చల్లారనీయండి. ముందు ఉత్త నీళ్లు ధారగా పోసి దుమ్మును పోనీయండి, ఆ తర్వాతే చేయి వేయండి. కార్లకని అమ్మే షాంపూ వాడండి, బోళ్ల సబ్బు బోళ్లకు పెట్టండి. పైనుంచి కిందికి రండి, చక్రాలు ఆఖరుకు, వాటి గుడ్డ వేరే. నీళ్లు ఆరేదాకా ఊరుకోకుండా మెత్తటి గుడ్డ అద్ది తీయండి, రుద్దకండి. మూడు నాలుగు నెలలకోసారి పల్చగా వ్యాక్సు పెడితే ఎండకూ పిట్టల రెట్టకూ కొంత అడ్డం ఉంటుంది. మచ్చ పోకపోతే తెలిసినవాడికి చూపించండి. వంటింట్లోకి మాత్రం పోకండి.

ఇక మిగిలిన సంగతి. ఆ ఎంక్వైరీ తర్వాత రెండు మూడు రోజులు నేను క్యాంటీన్లో చాయకు పైసలిచ్చుకోలేదు. ఎవరో ఒకరు తాగించేవాళ్లు. సొంత బండి చెడగొట్టుకుని ఒక ఆడబిడ్డ ఉద్యోగం నిలబెట్టిండు అని నా ముందే చెప్పుకునేవాళ్లు. ఆ ఉద్యోగాన్ని ఊడగొట్టబోయింది ఎవరో అందరూ మరిచిపోయారు. నిజం చెప్పొద్దూ, నేనూ మరిచిపోయాను. ఛాతీ కొంచెం ముందుకు వచ్చింది. ఆ ఊపులోనే, ఆమె మళ్లీ డ్యూటీకి వచ్చిన రోజు క్యాంటీన్ చాయ గ్లాసు చేతిలో పట్టుకుని షెడ్డుకు పోయాను. ఆమె దండం పెడుతుంది, కన్నీళ్లు పెట్టుకుంటుంది, నేను "ఏం ఫికర్ చేయకు చెల్లె" అంటాను. దారిపొడుగునా ఆ మాటనే సరిచూసుకుంటూ పోయాను.

ఆమె ఒక జీపు కడుగుతోంది. నన్ను చూసి నల్లా కట్టేసింది. దండం పెట్టలేదు.

"మస్టర్లు అన్ని ఇచ్చిండ్రట గద చెల్లె" అన్నాను.

"ఇచ్చిండ్రన్నా."

"ఇగ ఫికర్ లేదు."

ఆమె కాసేపు చేతులు తుడుచుకుంది. "నూనె వాసన గా దినమే వచ్చింది నాకు" అన్నది. "నీళ్లు పోయే మోరీకాడ చింతపిక్కలు సుత చూసిన. నువ్వే అని గప్పుడే ఎరుక."

"మరి చెప్పకపోతివి?" అన్నాను.

"చెప్తే ఎవ్వలు నమ్ముతరన్నా? నువ్వు చెప్తెనే నమ్మకపోయిరి." కోపంగా అనలేదు, నీళ్లు రావడం లేదని చెప్పినట్టు అన్నది. "ఇరవై రెండు దినాలు. అత్తకు తెలిస్తే పానం మీదికి తెచ్చుకుంటదని పొద్దుగాల్నే లేచి, పిల్లలకు బువ్వ కట్టి, డ్యూటీకి పోతున్ననని చెప్పి బస్సెక్కేది. మంచిర్యాల బస్టాండుల దిగి పొద్దుమీకే దాంక బెంచి మీద కూసునేది. మాపటికి ఇంటికి పోతే చిన్న బిడ్డ అడుగుతుండె, అవ్వా, ఇయ్యాల ఎన్ని బండ్లు కడిగినవే అని. ఒకనాడు నాలుగు అంటి, ఒకనాడు అయిదు అంటి. నీకు రంగు పోయిందన్నా, మంది చూసిండ్రు. నేను బస్టాండుల కూసున్నది ఎవ్వలు చూసిండ్రు?"

చేతిలో ఉన్న చాయ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. దారిలో సరిచూసుకున్న మాట ఒక్కటీ పనికిరాలేదు. "తప్పయింది చెల్లె" అన్నాను.

"సరె" అని ఆమె నల్లా విప్పుకుంది.

తప్పయిందని అప్పటికే ఫోర్మన్‌తో అన్నాను, పర్సనల్ ఆఫీసరుతో అన్నాను, జీఎం గారికి మూడు కాపీలు రాసిచ్చాను. ఆమెతో అనడం అదే మొదటిసారి.